నలుగురి కళ్ల కోసం కొనేవి

పోయినేడాది ఒక మీటింగ్‌లో కూర్చోగానే అందరూ ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు. నాది ఐదేళ్ల నాటిది. పై మూలన అద్దం చిట్లి, సన్నటి గీత ఒకటి కిందకి దిగి ఉంటుంది. నా చెయ్యి దాన్ని బోర్లా పెట్టింది. కావాలని పెట్టలేదు, కాసేపటికి గానీ ఆ సంగతి నాకే తెలియలేదు. ఆ ఫోన్‌తో నాకు ఏ ఇబ్బందీ లేదు. మాట వినపడుతుంది, ఫొటో వస్తుంది, మెసేజ్ పోతుంది. ఇబ్బందల్లా పక్కనున్నవాళ్లు చూస్తే ఏమనుకుంటారోనన్నదే.

వనరుల పొదుపు గురించి మాట్లాడేటప్పుడు ఈ బోర్లా పెట్టే చెయ్యిని మనం లెక్కలోకి తీసుకోం. "జనానికి ఆశ ఎక్కువైపోయింది, కాస్త తగ్గించుకోవాలి" అనేసి ఊరుకుంటాం. నా ఉద్దేశంలో చిక్కంతా ఇక్కడే ఉంది. ఆడంబరాన్ని అత్యాశ కింద జమకట్టినంతకాలం నీతులు చెప్పి తగ్గించాలని చూస్తాం, అది తగ్గదు. ఎందుకంటే చాలామంది గొప్ప కోసం చేసే ఖర్చు వెనక ఉండేది ఆశ కంటే భయం. నలుగురిలో చిన్నబోతామేమోనన్న భయం. దర్జాగా బతకాలన్న కోరికని మనిషి ఒక్కడే కూర్చుని చంపుకోగలడేమో గానీ, చిన్నచూపు చూస్తారన్న భయాన్ని ఒక్కడే పోగొట్టుకోలేడు. చూసేవాళ్లు కూడా మారాలి. మొత్తం వ్యవహారంలో కష్టమైన భాగం అదే, దాని గురించే ఈ వ్యాసం.

ముందు విషయం ఎంత పెద్దదో చూద్దాం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 1970లో ప్రపంచమంతా కలిసి భూమి నుంచి తీసుకున్న సరుకు, అంటే ఖనిజాలు, ఇసుక, కంకర, బొగ్గు, చమురు, కలప, పంటలు అన్నీ కలిపి, సుమారు 3,000 కోట్ల టన్నులు. ఇప్పుడది 10,600 కోట్ల టన్నుల దగ్గరుంది. జనాభా పెరిగింది కాబట్టి పెరిగిందిలే అనుకోవడానికి లేదు, తలసరి లెక్క చూసినా రోజుకి 23 కిలోల నుంచి 39 కిలోలకు చేరింది. అదీ అందరికీ సమానంగా కాదు. బాగా డబ్బున్న దేశాల్లో ఒక మనిషి వాడేది, పేద దేశాల్లో ఒక మనిషి వాడేదానికి దాదాపు ఆరు రెట్లు. ఇందులో ఇళ్లున్నాయి, రోడ్లున్నాయి, ఆస్పత్రులున్నాయి, ఇదంతా దుబారా అనడం అన్యాయం. కానీ ఎంత అవసరం, ఎంత ఆడంబరం అని గీత గీసి విడదీయడం కూడా కుదరదు, ఎందుకంటే ఒకే చొక్కాలో ఒళ్లు కప్పుకోవడమూ ఉంటుంది, నలుగురికీ చూపించుకోవడమూ ఉంటుంది.

ఈ రెండూ ఒకే వస్తువులో కలిసి ఉంటాయని మొదట గట్టిగా చెప్పినవాడు థోర్‌స్టీన్ వెబ్లెన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త, 1899లో. ఆయన ఒక చెంచాని ఉదాహరణగా తీసుకున్నాడు. చేత్తో మలిచిన వెండి చెంచా ఒకటి, మెషీన్ మీద తయారైన అల్యూమినియం చెంచా ఒకటి. మొదటిది రెండోదానికి వంద రెట్లు ఖరీదు. నోటి దాకా తిండి తేవడంలో మాత్రం రెండింటికీ తేడా లేదు. అయినా వెండి చెంచా చేతిలో ఉంటే మనకి "అందంగా ఉంది" అనిపిస్తుంది. ఆ అందంలో కొంత నిజంగా పనితనమే, మిగతాది దాని ఖరీదు. ఖరీదైనదని తెలియడం వల్లే అది మన కంటికి అందంగా కనపడటం మొదలవుతుంది, అచ్చం అలాంటిదే చవగ్గా దొరుకుతుందని తెలిసిన రోజున ఆ అందం సగం చచ్చిపోతుంది. ఇది చదివినప్పుడు నాకు నిజంగా కలుక్కుమంది. మన అభిరుచి అని మనం అనుకునేదాంట్లో కూడా పక్కవాడి చూపు ఉందన్నమాట.

వస్తువు పనికొస్తుందా లేదా అన్నది మన ఇంట్లో తేలుతుంది. అది గొప్పదా కాదా అన్నది పక్కింటివాడి దగ్గర ఏముందో చూస్తే గానీ తేలదు. బ్రిటిష్ ఆర్థికవేత్త ఫ్రెడ్ హిర్ష్ 1976లో దీన్ని ఒక చిన్న పోలికతో చెప్పాడు: గుంపులో ఒకడు మునివేళ్ల మీద నిలబడితే వాడికి బాగా కనిపిస్తుంది, అందరూ మునివేళ్ల మీద లేస్తే ఎవరికీ ఏమీ అదనంగా కనపడదు, కాళ్లు మాత్రం అందరికీ నొప్పి పెడతాయి. పెద్ద కారు, పెద్ద ఇల్లు, అందరికంటే ఘనంగా చేసిన పెళ్లి, అన్నీ ఈ బాపతే. పదిమందిలో ఒకడు కొంటే వాడికి గుర్తింపు. పదిమందీ కొన్నాక గుర్తింపు ఎవరికీ లేదు, ఎవరి స్థానం వారిదే, ఇనుమూ ఇసుకా ఇంధనమూ మాత్రం పది రెట్లు కరిగిపోయాయి. మామూలు దుబారాకీ దీనికీ తేడా ఇదే. దుబారా చేసినవాడికి కనీసం కాసేపు సుఖమైనా ఉంటుంది. ఈ పోటీలో అందరూ కలిసి ఖర్చుపెట్టి అందరూ ఉన్నచోటే ఉంటారు.

ఇదంతా పోలికలతో చెప్పే మాటే కాదు. 1998లో సారా సాల్నిక్, డేవిడ్ హెమెన్‌వే అనే ఇద్దరు పరిశోధకులు హార్వర్డ్ పబ్లిక్ హెల్త్ స్కూల్లో విద్యార్థులనీ, అధ్యాపకులనీ, సిబ్బందినీ ఒక ప్రశ్న అడిగారు. మీకు ఏడాదికి 50 వేల డాలర్లు వచ్చి మిగతావాళ్లకి 25 వేలు రావడం మేలా, లేక మీకు లక్ష వచ్చి మిగతావాళ్లకి రెండు లక్షలు రావడం మేలా? వస్తువుల ధరలు రెండు చోట్లా ఒకటే. అంటే రెండోదాంట్లో కచ్చితంగా రెట్టింపు కొనుక్కోవచ్చు. అయినా దాదాపు సగం మంది మొదటిదే కోరుకున్నారు. సగం ఆదాయం వదులుకోవడానికైనా సిద్ధమే గానీ అందరికంటే కింద ఉండటానికి సిద్ధం కారు. ఇదే సర్వేలో నాకు ఇంకా ముఖ్యమనిపించిన విషయం ఒకటుంది. సెలవుల గురించి ఇలాంటి ప్రశ్నే అడిగితే ఎక్కువమంది "పక్కవాడికి ఎన్ని వస్తే నాకేంటి, నాకు ఎక్కువ రోజులు కావాలి" అన్నారు. డబ్బు, హోదా విషయంలో ఉన్నంత పోటీ తీరిక విషయంలో లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఈ పోటీ దానంతటదే ఇంత వేగం అందుకోలేదు, దాన్ని తోసినవాళ్లున్నారు. 1920లలో అమెరికాలో కార్ల అమ్మకాలు ఒక స్థాయికి వచ్చాక, కొనాల్సినవాళ్లలో చాలామంది కొనేశాక, ఆల్ఫ్రెడ్ స్లోన్ నడిపిన జనరల్ మోటార్స్ ఏటేటా కొత్త మోడల్ తెచ్చే పద్ధతిని మొదలుపెట్టింది. ఇంజిన్ పెద్దగా మారకపోయినా రూపం మారుతుంది. దాంతో వాకిట్లో బాగానే నడుస్తున్న కారు ఒక్కసారిగా పాతదైపోతుంది, దానికి ఏ జబ్బూ రాకుండానే. ఈ కిటుకు తర్వాత దాదాపు ప్రతి వస్తువుకీ పాకింది. ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో ఇచ్చిన లెక్కల ప్రకారం అంతకుముందు పదిహేనేళ్లలో ప్రపంచంలో బట్టల తయారీ రెట్టింపైంది, అదే సమయంలో ఒక్కో బట్ట పక్కన పడేసేలోపు ఎన్నిసార్లు వేసుకుంటున్నామన్నది మూడో వంతుకు పైగా తగ్గింది. చిరిగిపోయి తగ్గలేదు. "ఇది మొన్న వేసుకున్నదే కదా" అని ఎవరైనా అంటారేమోనని తగ్గింది. 2022లో పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు, అందులో సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది నాలుగో వంతు కూడా లేదు. ఒక ఫోన్ వల్ల వాతావరణంలోకి చేరే కార్బన్‌లో ఎక్కువ భాగం దాని తయారీలోనే వెలువడుతుంది, మనం రోజూ చార్జింగ్ పెట్టడం వల్ల అయ్యేది దానిముందు తక్కువ. కాబట్టి చార్జర్ ప్లగ్ తీసేసి కరెంటు ఆదా చేశామని సంతోషపడేకంటే ఉన్న ఫోన్‌ని ఇంకో రెండేళ్లు వాడటం చాలా పెద్ద పని.

టెక్నాలజీ చూసుకుంటుందిలే అనేవాళ్లూ ఉన్నారు. తక్కువ ఇంధనంతో నడిచే కారు, తక్కువ కరెంటు తాగే ఫ్రిజ్. అవి రావాలి, వాటిని తక్కువ చేయడం లేదు. కానీ 1865లోనే విలియం స్టాన్లీ జెవన్స్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త బొగ్గు విషయంలో ఒక సంగతి గమనించాడు: ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయడం మొదలుపెట్టాక బొగ్గు వాడకం తగ్గాల్సింది పోయి పెరిగింది, ఎందుకంటే చవకైన కొద్దీ వాడే చోట్లు పెరిగాయి. గొప్ప కోసం కొనే వస్తువుల్లో ఇది ఇంకా తేలిగ్గా జరుగుతుంది. మైలేజీ పెరిగిన కారుతో ఆదా అయిన డబ్బు ఇంకొంచెం పెద్ద కారు కిందకి పోతుంది.

పోనీ చట్టం పెట్టి ఆడంబరాన్ని నిషేధిస్తే? ఆ ముచ్చటా మనుషులు చాలాసార్లు తీర్చుకున్నారు. క్రీ.పూ. 215లో, కార్తేజ్ సేనాని హన్నిబాల్‌తో యుద్ధంలో చావుదెబ్బ తిన్న రోమ్ ఓ చట్టం చేసింది. ఏ స్త్రీ దగ్గరా అర ఔన్సు బంగారం మించి ఉండకూడదు, రంగురంగుల బట్టలు కట్టకూడదు, నగరంలో గుర్రపు బండి ఎక్కకూడదు, మతపరమైన ఉత్సవాలకి తప్ప. ఇరవై ఏళ్ల తర్వాత, యుద్ధం ముగిసి రోమ్ చేతిలో మళ్లీ డబ్బు ఆడుతున్నప్పుడు, ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చి దాన్ని రద్దు చేయించారు. కేటో అనే పెద్దమనిషి ఎంత గట్టిగా అడ్డుపడినా ఆగలేదు. నన్నడిగితే ఆ ఆడవాళ్ల కోపం న్యాయమైనదే. మగవాళ్ల హోదాకి పదవులున్నాయి, విజయయాత్రలున్నాయి, ఊదా అంచు వస్త్రాలున్నాయి. ఆడవాళ్లకి గుర్తింపు తెచ్చే దారి ఆ కాస్త నగానట్రా అయితే దాన్ని కూడా లాగేసి పొదుపు నేర్పామనుకున్నారు. తర్వాత యూరప్‌లో వందల ఏళ్ల పాటు ఫలానా కులీనులే పట్టు కట్టాలి, ఫలానావాళ్లు కట్టకూడదు అని చట్టాలు చేస్తూనే వచ్చారు. అవి వనరుల కోసం చేసినవి కూడా కాదు, ఎక్కువభాగం ఎవరి హద్దులో వాళ్లని ఉంచడానికి చేసినవి. నిషేధించిన వస్తువు మీద మోజు పెరిగింది. గౌరవానికి ఇంకో దారి చూపించకుండా ఉన్న దారి మూసేస్తే జరిగేది ఇదే.

మరి విలువలు ఎప్పుడూ మారలేదా అంటే, మారాయి. సిగరెట్ సంగతే చూడండి. ఒకప్పుడు అది మగతనానికీ ఆధునికతకీ గుర్తు, డాక్టర్లే ప్రకటనల్లో కనిపించేవారు. 1964లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యాధికారి నివేదిక వచ్చింది, 1971లో అక్కడ టీవీ, రేడియో ప్రకటనలు ఆగాయి, 2004లో ఐర్లండ్ ఆఫీసులూ రెస్టారెంట్లూ బార్లతో సహా పనిచేసే చోట్ల దాదాపు అన్నిటిలో సిగరెట్ కాల్చడాన్ని నిషేధించింది. ఏ ఒక్కదానివల్లా మార్పు రాలేదు. సమాచారం, చట్టం, ప్రకటనలు ఆగడం, ఇవన్నీ ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పడి చివరికి చూసేవాళ్ల చూపు మారింది. ఒకప్పుడు దర్జాగా అంటించినవాడు ఇప్పుడు బయటికి వెళ్లి ఓ మూలన నిలబడి కాలుస్తాడు.

చూపు ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూపించే ప్రయోగాలు రెండు చెబుతాను. అమెరికాలో ఒక హోటల్లో తువ్వాళ్లు రోజూ ఉతకడానికి వెయ్యకుండా మళ్లీ వాడుకోమని కార్డు పెట్టారు. పర్యావరణాన్ని కాపాడండి అని రాసిన కార్డుకి 35 శాతం మంది స్పందించారు. ఇక్కడ దిగినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ వాడుతున్నారు అని రాస్తే అది 44 శాతమైంది. ఇదే గదిలో మీకంటే ముందు ఉన్నవాళ్లలో ఎక్కువమంది అలా చేశారు అని రాసినప్పుడు ఇంకా పెరిగి సగానికి దగ్గరైంది. కార్డు ఖర్చు ఒకటే, మనుషులూ మామూలు మనుషులే. ధర్మం చెప్పినదానికంటే తోటివాళ్లు ఏం చేస్తున్నారో చెప్పింది బాగా పనిచేసింది.

రెండోది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో ఇంటింటికీ ఒక కాగితం తగిలించారు, మీ కరెంటు వాడకం ఇంత, మీ చుట్టుపక్కల సగటు ఇంత అని. సగటు కంటే ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు. అనుకున్నదే. కానీ సగటు కంటే తక్కువ వాడుతున్నవాళ్లు పెంచేశారు! అనవసరంగా బిగబట్టుకుంటున్నామన్న భావన వచ్చిందేమో. ఇంకొన్ని ఇళ్లకి ఇచ్చిన కాగితాల మీద చేత్తో ఒక నవ్వు ముఖం బొమ్మ గీశారు, తక్కువ వాడుతున్నవాళ్లకి. అంతే, వాళ్లు పెంచలేదు. ఒక్క మెప్పు చాలు. 2007లో అచ్చయిన ఈ ఫలితం గురించి నేను తరచూ ఆలోచిస్తుంటాను, ఎందుకంటే పొదుపుగా ఉండేవాళ్లని మనం ఎప్పుడైనా మెచ్చుకున్నామా? పొదుపరిని పిసినారి అంటాం. ఖర్చు పెట్టేవాడిది పెద్ద చెయ్యి అంటాం. మన మాటల్లోనే తూకం ఒకవైపు మొగ్గి ఉంది. తనకున్నది దాచుకుని ఎవరికీ పెట్టనివాడు పిసినారి. వస్తువుని చివరిదాకా వాడుకునేవాడు వేరు, వాడికి మన దగ్గర ఒక మంచి పేరు లేదు. ఆ పేరు పుట్టాలి.

గొప్ప చూపించుకోవాలన్న కోరిక పోదనీ, అది ఎటు తిరుగుతుందన్నదే ప్రశ్న అనీ అనేవాళ్లతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెడితే చుట్టుపక్కల ఇళ్లవాళ్లూ పెట్టించుకోవడం పెరుగుతుందని కాలిఫోర్నియా లెక్కల్లో తేలింది, ఎందుకంటే పలకలు అందరికీ కనపడతాయి. తక్కువ పెట్రోలుతో నడిచే టొయోటా ప్రియస్ కారు అంతగా అమ్ముడుపోవడానికి ఒక కారణం అది దూరం నుంచే ప్రియస్ అని తెలిసిపోయే ఆకారంలో ఉండటం. ఇది మంచిదే, కానీ ఒక చిక్కుంది. కనపడే పొదుపుకే పేరొస్తే కనపడని పొదుపు వెనకబడిపోతుంది. గోడల్లోంచి వేడి పోకుండా చేయించుకున్నది ఎవరికీ కనపడదు. కొనకుండా ఊరుకున్నది అసలే కనపడదు. ఇంకా దారుణమేంటంటే సింపుల్‌గా ఉండటం కూడా ఒక ఫ్యాషన్ అయిపోయి, ఇంట్లో బాగానే ఉన్న సామానంతా పారేసి తెల్ల గోడల మధ్య పెట్టుకోవడానికి కొత్త ఖరీదైన "సింపుల్" సామాను కొనడం మొదలవుతుంది. గుడ్డ సంచీ పదోది కొన్నాక అది ప్లాస్టిక్ సంచీకి మందు కాదు.

ఇంకో మాట, ఇది చెప్పకపోతే మిగతాదంతా చెప్పి లాభం లేదు. తగ్గించుకోండి అన్న మాట ఎవరికి చెబుతున్నామో చూసుకోవాలి. పేదవాళ్లు ఒక మంచి ఫోన్ కొన్నా, పిల్ల పెళ్లికి కాస్త ఎక్కువ ఖర్చుపెట్టినా, "వీళ్లకెందుకు ఈ హంగులు" అనేవాళ్లుంటారు. 2009లో అమెరికాలో ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనంలో, ఒకే ఆదాయం ఉన్నవాళ్లని పోల్చి చూస్తే, తమ జాతివాళ్ల ఆదాయం మొత్తంగా తక్కువగా ఉన్నవాళ్లే బట్టలు, నగలు, కార్ల లాంటి బయటికి కనపడే వస్తువుల మీద ఎక్కువ ఖర్చుపెడుతున్నట్టు తేలింది. మీ జాతివాళ్లంతా పేదవాళ్లేనని ముందే అనుకునే సమాజంలో, కాదని చూపించుకోవడం మర్యాదగా బతకడానికి కట్టే పన్ను లాంటిది. పేరూ, హోదా, చదువూ ఉన్న పెద్దమనిషి నలిగిన చొక్కాతో వస్తే నిరాడంబరుడు అంటాం, ఏదీ లేనివాడు అదే చొక్కాతో వస్తే గుమ్మం దగ్గరే ఆపుతాం. అందుకే మొదట మారాల్సింది ఇప్పటికే గౌరవం ఉన్నవాళ్లు. పెళ్లి చిన్నగా చేసినా ఎవరూ లేమి అనుకోని ఇంట్లోనే చిన్న పెళ్లి ముందు జరగాలి. నలుగురు అనుకరించేది కూడా వాళ్లనే.

అందరూ కొనడం మానేస్తే ఉద్యోగాలు పోవా అన్నది న్యాయమైన ప్రశ్న, దాన్ని దాటవేయకూడదు. కొన్ని పోతాయి. కానీ కొత్త వస్తువు మీద పెట్టని డబ్బు మాయమైపోదు. రిపేరు మీదికి, చదువు చెప్పడం మీదికి, ముసలివాళ్లనీ పిల్లల్నీ చూసుకోవడం మీదికి వెళ్లొచ్చు. ఇవి మనుషుల పని ఎక్కువా గనుల పని తక్కువా ఉన్న రంగాలు. అది కూడా కాకపోతే తీరిక రూపంలో రావచ్చు, తక్కువ పని గంటలుగా. ఇందాక సెలవుల సంగతి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. పక్కవాడితో పోల్చి చిన్నబుచ్చుకోని సుఖం అదొక్కటి ఉంది, దాన్ని ఎక్కువ చేసుకోవడానికి భూమిని తవ్వక్కర్లేదు.

ఒక్కొక్కరి మనసు మారేదాకా ఆగకుండా ప్రభుత్వాలు చేయగలిగినవీ ఉన్నాయి, కొన్ని మొదలయ్యాయి. ఫ్రాన్స్‌లో 2021లో ఫోన్లు, లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్ల లాంటి వాటి మీద పదికి ఎన్ని మార్కులని రాయాల్సి వచ్చింది, అది ఎంత తేలిగ్గా రిపేరు అవుతుందో చెప్పే మార్కులు. కొత్తగా మెరిసే వస్తువు పక్కన "దీన్ని విప్పలేరు" అని అర్థం వచ్చే అంకె ఉంటే కొనేవాడి చూపు మారుతుంది. అమ్ముడుపోని బట్టల్ని, సామాన్లని తగలబెట్టకూడదనీ ఆ దేశమే చట్టం చేసింది. బ్రెజిల్‌లోని సావో పాలో నగరం 2007లో వీధుల్లో ప్రకటనల బోర్డులన్నీ తీయించేసింది, అంత పెద్ద నగరంలో. నీకు లేనిదేమిటో నడిచినంతసేపూ గుర్తుచేసే బొమ్మలు లేకపోతే ఎలా ఉంటుందో ఊహించండి.

2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా అనే ఆవిడ మొదలుపెట్టిన రిపేర్ కఫేలు నాకు వీటన్నిటికంటే నచ్చుతాయి. పాడైన ల్యాంపో, జిప్పు ఊడిన జాకెట్టో తీసుకెళ్తే అక్కడ పని తెలిసినవాళ్లు ఉంటారు. వస్తువు ఇచ్చేసి సాయంత్రం రమ్మనడం ఉండదు, వాళ్ల పక్కనే కూర్చుని కలిసి విప్పాలి. బాగైనప్పుడు బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ చూస్తారు. పాత వస్తువుకి అక్కడ సిగ్గు లేదు, అది వచ్చిందే నలుగురి ముందుకి.

నా ఫోన్‌కి ఇప్పుడు ఆరేళ్లు. ఈ మధ్యే బ్యాటరీ మార్పించాను, చిట్లిన అద్దం అలాగే ఉంది. మొన్న అలాంటి బల్ల దగ్గరే దాన్ని మామూలుగా పెట్టాను, గీత పైకే కనపడుతూ. పక్కనున్నాయన చూసి ఎన్నేళ్లయిందండీ అని అడిగాడు, చెప్పాను. ఆయన జేబులోంచి తనది తీశాడు. నాలుగేళ్లట, మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోందట, ఇంట్లో అందరూ మార్చెయ్యమంటున్నారట. కాసేపు నా ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "బ్యాటరీ ఎక్కడ మార్పించారండీ?" అన్నాడు.